చురుక్కుమంటే చెప్పాలె

పోయిన వారం డాక్టర్ సుచిత్రను మనం పచ్చ పరదా పక్కన, జంగమ్మ ముందు నిలబెట్టి వచ్చాం. జంగమ్మది రావల్కోల్. మూడేళ్ల కిందట ఎడమ రొమ్ముకు క్యాన్సర్ వస్తే వేరే ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. రేడియేషన్ కూడా ఇచ్చారు. అంతా సర్దుకుందనుకున్నాక అదే చోట, కుట్ల మచ్చ చుట్టూ మళ్లీ గడ్డలు లేచాయి. ఒకసారి రేడియేషన్ పడ్డ ఒంటికి రెండోసారి నిండు మోతాదు ఇవ్వడానికి లేదు. అందుకే ఆమెను శామీర్‌పేట రోడ్డు మీది ఆసుపత్రికి, సుచిత్ర దగ్గరికి పంపించారు. గడ్డలున్న చోటును యంత్రంతో గంటసేపు వేడి చేసి, ఆ వేడి మీదనే తక్కువ మోతాదులో రేడియేషన్ ఇవ్వడం సుచిత్ర చేసే వైద్యం. వేడికి సొమ్మసిల్లిన క్యాన్సర్ కణం ఆ కాస్త మోతాదుకే లొంగుతుంది.

సగం వైద్యం నల్లేరు మీద బండిలా నడిచింది. గడ్డలు మెత్తబడ్డాయి. జంగమ్మ భర్త సిద్దిరాములు సంతోషం పట్టలేక ఆసుపత్రి సిబ్బందికంతా ఒక గంపెడు మక్క కంకులు తెచ్చి పంచాడు. ఆ తర్వాత ఒక పొద్దున కట్టు విప్పి చూసిన సుచిత్రకు చంక దగ్గర చిక్కుడు గింజంత బొబ్బ కనిపించింది. కిందటి భాగం అక్కడ ఆగింది.

సుచిత్ర వంగి, వేలు తగలకుండా, ఆ బొబ్బను చాలాసేపు చూసింది. అది చిన్నదే. మామూలు ఒంటి మీదైతే ఎవరూ పట్టించుకోరు. కానీ రేడియేషన్ పడ్డ చర్మం పాత గుడ్డలాంటిది. ఒకచోట పిగిలిందంటే చిరుగు ఎంతదాకా పోతుందో చెప్పలేం. ఇది పుండుగా మారితే వేడీ ఆపాలి, రేడియేషనూ ఆపాలి. సగంలో ఆపిన వైద్యానికి ఆ గడ్డలు ఊరుకోవు.

యంత్రం నడిపే శ్రీదివ్య వెనక నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"నేను అడుగుతనే ఉన్న మేడం. మంటగున్నదా అమ్మా, చురుక్కుమంటాందా అమ్మా అని. ఎన్నిసార్లు అడిగినా మంచిగనే ఉన్నది బిడ్డా అన్నది."

"తప్పు నీది కాదు శ్రీదివ్యా," అంది సుచిత్ర. తర్వాత స్టూలు లాక్కుని జంగమ్మ మంచం పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, మొన్న యంత్రం కింద పండుకున్నప్పుడు ఈడ చురుక్కుమన్నదా?"

జంగమ్మ కొంగు సర్దుకుంది. ఆమె గట్టి మనిషి. ఎండకు కాలి నల్లబడ్డ చేతులు, నుదుట రూపాయంత బొట్టు. "జెరంత," అంది.

"జెరంతనా?"

"చీమ గుట్టినట్టు. తర్వాత తేలు గుట్టినట్టు. తర్వాత ఇగ మొద్దుబారింది."

శ్రీదివ్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సుచిత్ర గొంతు మాత్రం మారలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"గింతదానికి ఏం చెప్పుడు బిడ్డా? పెనం మీద ఏసినంక కాలకుంట ఉంటదా? సగం కాలిన రొట్టెను తీస్తే లోపట పిండి పిండే ఉంటది. మందంటే గట్లనే ఉంటదనుకున్న."

గోడకు ఆనుకుని నిలబడ్డ సిద్దిరాములు ముందుకు వచ్చాడు. తెల్ల అంగీ, భుజాన తువ్వాల, జేబులో రెండు ఫోన్లు. ఒకప్పుడు బావి మీద మోట కొట్టిన మనిషి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. ఊళ్లో ఎవరి పంచాయితీ అయినా ఆయన అరుగు మీదనే తేలుతుంది.

"మేడం, గీమెది మస్తు గట్టి ప్రాణం," అన్నాడు గర్వంగా. "మా ప్రణీత పుట్టిన దినం నాటేసుకుంట ఉండె. నొప్పులొస్తాంటే నడుసుకుంట ఇంటికొచ్చింది, కిక్కురుమనలె. నేను బావి కాడికెళ్లి వచ్చేసరికి బిడ్డ ఏడుస్తాంది. గీమె ఏడుపు మాత్రం నేను ఇంతవరకు ఇనలె."

"ఆ గట్టితనమే ఇప్పుడు మన మీదికొచ్చింది పెద్దనాయినా," అంది సుచిత్ర మెల్లగా. "యంత్రం దగ్గర సన్నని తీగలుంటయి. అవి ఆనిన చోట ఎంత వేడుందో చెప్తయి. తీగ ఆనని చోట ఏం జరుగుతుందో యంత్రానికి తెల్వదు, నాకూ తెల్వదు. పెద్దమ్మకే తెలుస్తది. ఆమె చెప్పకుంటే మేం కండ్లు మూసుకుని పొయ్యి ఊదినట్టే." ఆమె జంగమ్మ వైపు తిరిగింది. "ఇంకొకటి అడుగుత, దాచకుంట చెప్పు. ఈ గడ్డలు మళ్లొచ్చినయని నీకు మొదట ఎప్పుడు తెలిసింది?"

"బతుకమ్మ పండుగకే," అంది జంగమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది.

సిద్దిరాములు నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఏందీ? ఉగాదికి గదనే నాకు జెప్పింది?"

జంగమ్మ పరదా వైపు తిరిగింది.

"నిన్నే అడిగేది. బతుకమ్మకు తెలిస్తే ఉగాదిదాంక ఏం జేసినవ్?"

"కొత్తింట్ల పాలు పొంగియ్యాలెనని నువ్వు ఉరుకులాడుతుంటివి. ఇల్లంత చుట్టాలు. నువ్వు ఎన్నడన్న అంత సంబురంగ ఉన్నవా? పాలు పొంగినై, నువ్వు గూడ పొంగినవ్. అండ్ల నేను నీళ్లెట్ల పోద్దు?"

"పక్కన పండుకున్నోనికి జెప్పలె," అన్నాడు సిద్దిరాములు. ఆ గొంతులో కోపం కంటే ఇంకేదో ఎక్కువ ఉంది. "ఊరోళ్లందరి కష్టం నా అరుగు మీదికొస్తది. నా ఇంట్ల కష్టం నా కాడికి రాలె. గా ఇల్లు ఎవలి కోసం కట్టిన్ననే నేను?"

తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది. జంగమ్మ ఆ తలుపునే చూస్తూ, "సూసినవా బిడ్డా," అంది. "ఊకెనే ఏడుస్తడు. గందుకే చెప్ప."

ఇప్పుడేం చెయ్యాలి? తేలికైన దారి ఒకటుంది. వేడి ఆపేసి, ఆ కాస్త రేడియేషన్ మాత్రం ఇచ్చి పంపించడం. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ కాస్త మోతాదు ఒక్కటే ఆ గడ్డలను ఆపలేదని సుచిత్రకు తెలిసినంతగా ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదు. వేడి పెట్టాలి. పెట్టాలంటే జంగమ్మ నోరు విప్పాలి. అరవై దాటినా నొప్పి అన్న మాట అనని మనిషికి ఒక్క పూటలో ఆ మాట ఎలా నేర్పడం?

సుచిత్రకు తన గురువు శ్రీనివాసరావు గుర్తొచ్చారు. దూలపల్లి నుంచి బస్సెక్కి వెళ్లి పీజీ చదివిన రోజులవి. తోటివాళ్లంతా కొత్తగా వచ్చిన పెద్ద రేడియేషన్ యంత్రాల చుట్టూ తిరుగుతుంటే, ఆయన మాత్రం ఒక మూల గదిలో పాత వేడి యంత్రం ముందు కూర్చునేవారు. ఆయన దగ్గర మిగిలిన శిష్యురాలు సుచిత్ర ఒక్కతే. ఆయన రిటైరయ్యాక విడిభాగాలు దొరక్క ఆ యంత్రం మీద దుప్పటి కప్పేశారు. 'పొయ్యి డాక్టర్' అని తోటివాళ్లు పెట్టిన పేరు మాత్రం సుచిత్రకు మిగిలిపోయింది. ఆ పేరుతోనే ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగింది. ఈ వైద్యం అందరికీ కాదు, కొందరికే, కానీ ఆ కొందరికి ఇంకో దారి లేదు అని కనిపించిన ప్రతి యాజమాన్యానికీ చెప్పింది. విన్నవాళ్లు టీ ఇచ్చి పంపారు. తల నెరవడం మొదలైన ఏడాది ఈ ఆసుపత్రివాళ్లు సరే అన్నారు.

ఆ గురువు మొదటి రోజే విద్యార్థుల చేతులను యంత్రం కింద పెట్టించేవారు. రోగి పడుకునే చోట ముందు మీరు పడుకోండి అనేవారు. కుర్ర సుచిత్ర పౌరుషానికి పోయి, పళ్లు బిగించి, ఏమీ అనకుండా కూర్చుంది. ఆయన టక్కున స్విచ్చి ఆపేసి, "ఓర్చుకున్నవాళ్లకు ఇక్కడ మార్కులు లేవమ్మా," అన్నారు.

సుచిత్ర లేచి కోటు విప్పింది. చీర జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"శ్రీదివ్యా, యంత్రం పెట్టు. నాకు."

"మేడం, గిది రూల్ కాదు..."

"తెలుసు. వేడి ఇచ్చే చిన్న పెట్టె పెట్టు, తక్కువ నుంచి మెల్లగా పెంచు. తీగ నా చెయ్యికి కట్టు. తెర మీద నుంచి కండ్లు తియ్యకు." తర్వాత జంగమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆపే బొత్తాం ఉన్న తీగ ఆమె చేతిలో పెట్టింది. "పెద్దమ్మా, నాకు చురుక్కుమన్నప్పుడు నువ్వు ఇది నొక్కాలి. నొక్కితే యంత్రం ఆగిపోతది."

"నీకు చురుక్కుమంటే నాకెట్ల ఎరుక?"

"అడుగు. చెప్త."

యంత్రానికున్న నీటి సంచి సుచిత్ర ముంజేతి మీద మెత్తగా వాలింది. దాని పైన చదునైన పెట్టె. చిన్న మోత మొదలైంది.

"ఎట్లుంది బిడ్డా?"

"వెచ్చగా ఉంది. చలికాలం పొయ్యి దగ్గర కూసున్నట్టు."

మోత కొంచెం పెరిగింది. వెచ్చదనం కాక అయింది. కాక కాస్తా ఒకచోట ముడిపడి, సూది మొనలా లోపలికి దిగడం మొదలుపెట్టింది. సుచిత్ర ఎదుటి గోడకున్న గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడెట్లున్నది?"

"మంచిగనే ఉంది పెద్దమ్మా."

శ్రీదివ్య తెర మీది నుంచి ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. జంగమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. డాక్టరమ్మ పై పెదవి మీద చెమట. చెప్పుల్లో కాలి వేళ్లు ముడుచుకుపోతున్నాయి.

"బిడ్డా, నిజంగనే మంచిగున్నదా?"

"ఆఁ. మంచిగనే ఉంది."

"ఉత్తదే!" అని అరిచి జంగమ్మ బొత్తాం నొక్కేసింది. మోత ఆగింది. ఆమె లేచి నీటి సంచిని పక్కకు తోసి, సుచిత్ర చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఒకచోట ఎర్రగా కందింది. "పిచ్చి గిట్ల లేసిందా నీకు? చెయ్యి కాలబెట్టుకుంటవా? గన్నిసార్లు అడుగుతున్న గద, చెప్పనీకి నోరు లేదా? నువ్వు మంచిగనే ఉంది మంచిగనే ఉంది అనుకుంట కూసుంటే, గీ బొత్తాం వట్టుకున్న నేనేం గావాలె? నా పానం ఎట్ల కొట్టుకుంటాందో నీకేమన్న..."

అక్కడ ఆగిపోయింది.

జంగమ్మ చేతిలోని బొత్తాం వైపు చూసుకుంది. తర్వాత యంత్రం పక్కన నిలబడ్డ శ్రీదివ్య వైపు చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మొన్న నువ్వు గూడ గిట్లనే పరేషాన్ అయినవా బిడ్డా?" అని అడిగింది.

శ్రీదివ్య తలూపింది.

జంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఆమె నవ్వుతోంది. "ఎంత మోసం జేసినవే డాక్టరమ్మా," అంది సుచిత్ర చేతి మీద కందిన చోట మెల్లగా ఊదుతూ. "బడి పిల్లకు నేర్పినట్టు నేర్పినవ్."

సుచిత్ర కూడా నవ్వేసింది. చెయ్యి ఇంకా మండుతోంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. బొబ్బ మీద వేడి పడకుండా పెట్టెను పక్కకు జరిపారు. బొబ్బ అంచున ఇంకో తీగ అదనంగా అతికించారు. ఈసారి తక్కువ వేడితో మొదలుపెడదామని సుచిత్ర చెప్పింది. జంగమ్మను పడుకోబెట్టి, అద్దం అవతలి గదిలో మైకు ముందు తనే కూర్చుంది. శ్రీదివ్య పక్కన కూర్చుని యంత్రం నడిపింది.

ఇక జంగమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూతపడలేదు.

"వెచ్చగున్నది... నడుము గుంజుతాంది బిడ్డా... కాళ్లకు సల్లగ గాలి కొడ్తాంది, గా ఏసీ ఎవలన్న బంజేస్తరా... ముక్కు గోకుడు వెడ్తాంది..."

శ్రీదివ్య వెళ్లి కాళ్ల మీద దుప్పటి కప్పింది. ముక్కు కూడా గోకి వచ్చింది.

"అగో! చురుక్ అన్నది! చంక కాడ, కింద దిక్కు."

శ్రీదివ్య వెంటనే తగ్గించింది.

"పోయింది," అంది జంగమ్మ ఆశ్చర్యంగా. కొంచెంసేపటికి మళ్లీ, తనలో తాను అనుకుంటున్నట్టు, "చెప్తే గింత జల్దీ పోతదా?" అంది.

సుచిత్ర తెర మీది అంకెలు చూసింది. గడ్డల దగ్గర వేడి కావలసినంత ఉంది. బొబ్బ దగ్గర లేదు. పొద్దుట్నుంచి మొదటిసారి ఆమె కుర్చీకి వెనక్కి ఆనుకుంది.

చాలాసేపు జంగమ్మ ఏమీ అనలేదు. నిద్రపోయిందేమో అనుకుని సుచిత్ర మైకు దగ్గరికి వంగేలోపల ఆమె గొంతు వినిపించింది. ఇంతకుముందులా లేదు.

"బిడ్డా, గీ మాటలు ఎవలెవలికి ఇనబడ్తయి?"

"నాకూ, శ్రీదివ్యకూ."

"మా ఆయిన?"

"బయట వరండాల ఉన్నడు పెద్దమ్మా."

"ప్రణీత?"

ప్రణీత వాళ్ల ఒక్కగానొక్క కూతురు. నాగారంలో కాపురం. వైద్యం ఉన్న ప్రతి రోజూ స్కూటీ మీద అన్నం, కూర పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. వచ్చిందంటే వరండా అంతా దాని నవ్వే.

"ఇప్పుడే వచ్చినట్టుంది. బయటనే ఉంది. ఏమైంది? మళ్లీ చురుక్కుమన్నదా?"

"ఆఁ. గాని చంక కాడ గాదు." జంగమ్మ పైకప్పు వైపు చూస్తోంది. "గా రొట్టె ముచ్చట నిజమే. గాని అంతా నిజం గాదు. కాక ఎక్కువ తలిగితే నా వైద్యం జల్దీ ఒడుస్తదనుకున్న. గందుకే చెప్పలె."

"ఎందుకంత తొందర?"

"నాది ఒడిసినంకనే తను సూపించుకుంటనన్నది."

సుచిత్ర వెన్ను నిటారైంది. "ఎవరు?"

"ప్రణీత." ఆ పేరు చెప్పడానికి జంగమ్మకు ఊపిరి చాలలేదు. "కుడి దిక్కు. గీ వైద్యం మొదలైన వారంలనే, తానం కాడ నా చెయ్యి గుంజి దాని మీద పెట్టిచ్చింది. అమ్మా, నీకు గూడ మొదాల గిట్లనే ఉండెనా అన్నది. గిట్లనే ఉండె బిడ్డా. గట్టిగ, అటుజరగది ఇటుజరగది. నా చెయ్యికి తెల్వదా?"

"ఇన్ని రోజులు..."

"ముందుగాల నువ్వు బాగుకావాలె అమ్మా, ఇద్దరి సంగతి ఒక్కసారే ఇంటే నాయిన తట్టుకోడన్నది. నాయినకు జెప్తే నా మీద ఒట్టే అని నా చెయ్యి తన తల మీద పెట్టుకున్నది. మా ఆయిన గిప్పుడు నన్ను గట్ల అడిగిపోయిండు గద, పక్కన పండుకున్నోనికి జెప్పలె అని. నా బిడ్డ గూడ నా లెక్కనే తయారైంది డాక్టరమ్మా." ఆమె కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. చేతులు కదపకూడదని తెలుసు కాబట్టి తుడుచుకోలేదు. "నాయినకు జెప్పద్దని ఒట్టు పెట్టింది. డాక్టరమ్మకు జెప్పద్దని పెట్టలె. గందుకే నీకు జెప్తున్న."

"మంచి పని చేసినవ్ పెద్దమ్మా," అంది సుచిత్ర. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇక నేను చూసుకుంట. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ముందు పరీక్ష చేద్దాం. నువ్వు మాత్రం కదలకు. ఇంకొంచెంసేపే."

వేడి అయిపోయింది. జంగమ్మను చక్రాల మంచం మీద రేడియేషన్ గదిలోకి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆమె సుచిత్ర చెయ్యి పట్టుకుని, వదిలేసింది. తలుపు మూసుకున్నాక సుచిత్ర కోటు వేసుకుని వరండాలోకి నడిచింది.

కిటికీ పక్క బెంచీ మీద సిద్దిరాములు అలిగి కూర్చున్నాడు. ఒడిలో స్టీలు కంచం. ప్రణీత ఎదురుగా నిలబడి టిఫిన్ గిన్నెలోంచి పప్పు వడ్డిస్తోంది.

"నాయినా, అమ్మ మీది కోపం అన్నం మీద తియ్యకు. పొద్దుగాల సంది ఏం తిన్లేదట. గా సెక్యూరిటీ అన్న చెప్పిండు. తింటవా, ముద్దలు చేసి పెట్టాల్నా?"

"పెట్టు. మీ అమ్మ ఎట్లైనా నన్ను చిన్నపోరడే అనుకుంటది," అన్నాడు ఆయన మూతి ముడుచుకుని. కానీ ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

ప్రణీత పకపకా నవ్వింది. సుచిత్రను చూసి నవ్వుతూనే, "మేడం, మీరు గూడ తినుండ్రి. తోటకూర పప్పు," అంది.

"తర్వాత తింట. ప్రణీతా, ఒక్కసారి నా రూముకు రామ్మా."

"అమ్మకేమన్న అయిందా?"

"అమ్మకు బాగుంది. ఇవాళ మస్తు మంచిగ చేయించుకుంది. నాకు నీతోనే పని."

ఆ పిల్ల చేతిలో గరిటె గాలిలోనే నిలిచిపోయింది. నవ్వు పెదాల మీద కొంచెంసేపు ఉండి, ఇంకెక్కడికి పోవాలో తెలియనట్టు ఆరిపోయింది. రేడియేషన్ గది తలుపు వైపు చూసింది. మళ్లీ సుచిత్ర వైపు చూసింది.

"అమ్మ చెప్పిందా?" అంది. పక్కన తండ్రి ఉన్నాడన్న సంగతే మరిచిపోయింది.

సుచిత్ర ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

సిద్దిరాములు కూతురి ముఖంలోకి చూశాడు. డాక్టరు ముఖంలోకి చూశాడు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, కంచం బెంచీ మీద పెట్టి, లేచి నిలబడ్డాడు. మెతుకులంటిన చేత్తోనే కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"మీ అమ్మ బతుకమ్మకు తెలిసి ఉగాదికి జెప్పింది," అన్నాడు. పట్టు సడలలేదు. "గీసారి అట్ల గాదు. నాకు జెప్పకుంట మీరిద్దరు గీడ నుంచి ఒక్క అడుగు గూడ కదలద్దు."